పై ఊళ్ల టీకా పెట్టె

మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి తల లోపల పెట్టింది. చాలాసేపు బయటికి తీయలేదు.

"అందులో ఏం దొరుకుతుంది వదినా? ఎండగా ఉందని చల్లబడుతున్నావా?" అన్నాడు మా తమ్ముడు.

మా ఆవిడ డిటెక్టివ్. మా తమ్ముడు పోలీసు ఇన్‌స్పెక్టర్. నేను జీపు నడుపుతాను. ఒక ఇంట్లో ఇద్దరు పరిశోధకులుంటే మూడోవాడికి మిగిలే పని అదే.

ఆ ఫ్రిజ్ పై ఊళ్ల ఆరోగ్య కేంద్రంలోది. రెండు గదులు, ఒక వరండా. ముందు గదిలో బల్ల, బెంచీ, ఫ్రిజ్, గోడ గడియారం. వెనక గదిలో ఆయమ్మ ఉంటుంది. ఊడవడం, తుడవడం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం ఆమె పని. బస్సు ఈ గుమ్మం ముందే ఆగిపోతుంది. ఇంకా పైకి వెళ్లాలంటే కాళ్లే దిక్కు.

కేసు ఇదీ. ఆడపిల్లలకు పెద్దయ్యాక గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ రాకుండా చిన్నప్పుడే ఒక టీకా వేస్తారు. డాక్టర్లు హెచ్‌పీవీ టీకా అంటారు. ఊళ్లలో ఆడపిల్లల సూది అంటే చాలు. ఏటి పక్కన కింది ఊళ్లలో ఆ సూది దాదాపు ప్రతి పిల్లకూ పడింది. కొండమీద పై ఊళ్లలో పదిమందికి ఒక్కరికి కూడా పడలేదు. అదే మందు, పంపేదీ అదే జిల్లా ఆఫీసు.

తేడా ఎక్కడంటే, పై ఊళ్ల నర్సు దగ్గర. పెట్టె వచ్చిన ప్రతిసారీ మందు పాడైందని చెప్పి తిప్పి పంపేస్తోంది. ఇప్పటికి మూడు పెట్టెలు. ఈ పొద్దున నాలుగోది కూడా పాడైందని ఫోన్ చేసింది.

పట్నంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ సూదికి మంచి ధర ఉంది. నర్సు అసలు సీసాలు అమ్ముకుని, ఏవో నీళ్ల సీసాలు తిప్పి పంపుతోందని మా తమ్ముడి అనుమానం. జిల్లా డాక్టరుగారికి ఆ అనుమానం సగమే ఉంది. మిగతా సగం కోసం మా ఆవిడను పిలిచారు.

"సాయంత్రం బస్సు కదిలేదాకా టైమిస్తా వదినా. ఆ తర్వాత నర్సు నా జీపెక్కుతుంది" అని తమ్ముడు ముందే చెప్పేశాడు.

నర్సు బెంచీ చివర కూర్చుని ఉంది. చిన్న వయసు. ఇంట్లో చంటిపిల్ల ఉందట. రోజూ పొద్దున మొదటి బస్సులో వస్తుంది, సాయంత్రం బస్సులో దిగిపోతుంది. ఆ బస్సు తప్పితే పిల్లకు పాలు లేవు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చూపు వాకిలి వైపే ఉంది.

"లోపల థర్మామీటరు చూశావా వదినా?"

"చూశా."

"ఎంతుంది?"

"ఎంత ఉండాలో అంతే ఉంది."

"నాలుగుసార్లూ అంతే. ఈ అమ్మాయే చెబుతోంది. చల్లదనం సరిగ్గానే ఉందట, మందు మాత్రం పాడైందట. రెండూ ఒకే నోటితో అంటుంటే నేనేం అనుకోవాలి?"

"థర్మామీటరు ఉన్నచోటే మందు ఉందని నువ్వు అనుకుంటున్నావు."

"ఫ్రిజ్‌లో కాక అటక మీద ఉంటుందా?"

"అదే చూస్తున్నా. కొంచెం పక్కకు జరుగు. వెలుతురుకు అడ్డం నిలబడటం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు."

చిన్నప్పటి నుంచీ అన్నది నిజమే. మా పెళ్లినాటికి వాడు నిక్కర్లు వేసుకునేవాడు. తల దువ్వి బడికి పంపింది మా ఆవిడే. ఊరందరినీ గద్దించే వాడు ఆమె ముందు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోలేడు.

పక్కకు జరిగాడు.

మా ఆవిడ ఫ్రిజ్ లోపల పైనున్న మంచు అర తెరిచింది. అందులో ఐసు పలకలు ఉన్నాయి. ఊళ్లలోకి మందు మోసుకెళ్లే పెట్టెలో చుట్టూ పెట్టేవి. నాలుగు వేళ్ల మందాన ఉంటాయి. ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఠంగుమంది.

"ఇవి ఎప్పుడు పెట్టావమ్మాయ్?" అని నర్సును అడిగింది.

"పొద్దున్నే వచ్చి పెట్టానండీ."

"మొదటి బస్సులో వచ్చావు."

"అవునండీ."

"వచ్చి పెడితే అప్పుడే రాయిలా అయ్యాయా?"

నర్సు మళ్లీ వాకిలి వైపు చూసింది.

"ఫ్రిజ్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరేనండీ. నా ఒక్కదాని దగ్గరే."

"చూశావా?" అన్నాడు తమ్ముడు. "నేనడిగినా ఇదే చెప్పింది. తాళంచెవి తన దగ్గరే, రాత్రి ఇంకెవరూ ముట్టుకోలేరు. ఇక దొంగ ఎవరో చెప్పడానికి డిటెక్టివ్ ఎందుకు?"

"ఏ దొంగైనా తాళంచెవి తన ఒక్కడి దగ్గరే ఉందని నీకు ఎదురొచ్చి చెప్పాడా ఇంతవరకూ?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. వాళ్లిద్దరి మధ్యలో నేను దూరను. ఇన్నేళ్లు బతికింది అలాగే.

వరండాలో ఒక తల్లి, పక్కన ఆమె కూతురు కూర్చున్నారు. పై ఊరి నుంచి నడిచి దిగారు. పై ఊళ్లవాళ్లు సూది వద్దంటున్నారని చెప్పించడానికి తమ్ముడే సాక్షిగా పిలిపించాడు. మా ఆవిడ గడప మీద కూర్చుంది. తమ్ముడు వెనక నిలబడ్డాడు.

"ఏమ్మా, పిల్లకు సూది ఎందుకు వద్దన్నారు మీరు?" అన్నాడు వాడు.

"వద్దన్నామని ఎవరు చెప్పారు బాబూ మీకు?"

"అందరూ అంటున్నారు. పైవాళ్లకు భయాలెక్కువని."

"భయమైతే దీన్ని తీసుకుని ఇన్నిసార్లు ఎందుకు దిగుతాను? మొదటిసారి వస్తే పాడైంది పొమ్మన్నారు. రెండోసారి పొమ్మన్నారు. మూడోసారి మా వీధిలోవాళ్లు నవ్వారు. దిగినప్పుడల్లా ఒకరోజు పని పోయింది. పక్కింటావిడ ఇక రానంది. ఎదురింటావిడ రానంది. నేను ఇవాళ మీ పోలీసు పిలిచాడని వచ్చాను గాని, లేకపోతే నేనూ రాను."

"కింది ఊళ్లు చూసి నేర్చుకోవాలమ్మా" అన్నాడు తమ్ముడు. "ఏరు పొంగిన మర్నాడు కూడా కింది బడిలో సూదులు ఆగలేదు. నీళ్లలోంచి జీపు తోలుకుంటూ మా అమ్మాయిని నేనే తీసుకెళ్లి వేయించా. అదీ పట్టుదలంటే. రేపు ఆ బడికి జిల్లావాళ్లు బహుమతి ఇస్తున్నారు. ఇచ్చేది నా చేతుల మీదుగానే."

"మీకు జీపుంది బాబూ" అంది ఆ తల్లి.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ అమ్మడు నాకు ఆ రోజే ఫోన్ చేసింది మరిదిగారూ" అంది. "తను ఏడవలేదట. సూది చూసి నువ్వే మొహం పక్కకు తిప్పుకున్నావట."

వాడు టోపీ సర్దుకున్నాడు. ఆ తల్లి పక్కనున్న పిల్ల నవ్వింది. వాడు దాన్ని ఏమీ అనలేకపోయాడు. వాడికి ఆడపిల్లలంటే ప్రాణం. అందుకే ఈ కేసులో అంత పట్టుగా ఉన్నాడు. పిల్లల మందు ఎవరో తినేస్తున్నారని వాడి కోపం. ఆ కోపం మంచిదే, గురి తప్పింది.

లోపలికి వచ్చాక మా ఆవిడ నా వైపు చెయ్యి చాపింది. నేను జీపులోంచి చిన్న డబ్బా తెచ్చి ఇచ్చాను. అందులో ఒక్క మందు సీసా ఉంది. మంచిది. డాక్టరుగారి దగ్గర అడిగి తెచ్చింది. చుట్టూ ఐసు ఉంది గాని సీసాకు ఐసు తగలకుండా మందపాటి గుడ్డలో చుట్టింది. దారంతా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్రతి గతుక్కీ నన్ను తిట్టింది. పెళ్లయినప్పటి నుంచీ నన్నెప్పుడూ అంత భద్రంగా పట్టుకోలేదు.

నర్సు పాడైందన్న పెట్టెలోంచి ఇంకో సీసా తీయించింది.

"మూత చూడు" అని తమ్ముడికి ఇచ్చింది.

వాడు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశాడు. "తీసినట్టు లేదు."

"నీళ్లు నింపాలంటే తీయాలిగా."

"సూదితో గుచ్చి నింపొచ్చు."

"గుచ్చిన గుర్తుందా?"

"లేదు" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు.

"ఇప్పుడు ఈ అమ్మాయి ఎలా కనిపెట్టిందో చూద్దాం. చూపించమ్మా."

నర్సు లేచింది. రెండు సీసాలూ ఒకే చేతిలో పట్టుకుని గట్టిగా ఊపింది. రెండూ పల్చటి గంజిలా తెల్లబడ్డాయి. బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది.

"ఇప్పుడు ఆగాలండీ" అంది.

ఆగాం. ఆయమ్మ టీ తెచ్చింది. పొట్టి మనిషి, తల ముగ్గుబుట్ట. అందరికీ ఇచ్చి, నర్సు దగ్గర ఆగి, "ఇదన్నా తాగు తల్లీ, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు" అని గ్లాసు చేతిలో పెట్టింది. నర్సు తాగుతున్నంతసేపూ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఈ పిల్లను పట్టుకుపోతారా బాబూ?"

"తప్పు చేస్తే పట్టుకుపోవాలిగా ఆయమ్మా."

"ఈమె తప్పు చేయదు. ఆ మందు విలువ ఈమెకు తెలుసు. నాకూ తెలుసు. నా కూతురు పోయింది ఆ జబ్బుతోనే. అప్పుడు ఈ సూది లేదు. ఉంటే కొండంతా మోసుకునైనా తీసుకెళ్లి వేయించేదాన్ని." నర్సు చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది. "ఇప్పుడు పైకెళ్లి ఇంటింటికీ చెప్పేది నేనే. నా మాట మీదే దిగి వస్తారు. వచ్చాక పాడైందంటే నాకు మొహం చెల్లట్లేదు."

తమ్ముడు టీ చల్లారబెట్టుకోవడంలో మునిగిపోయాడు.

మా ఆవిడ గోడ వైపు చూసింది. "గడియారం బాగుంది ఆయమ్మా. ఎవరిచ్చారు?"

ఆయమ్మ మొహం వెలిగింది. "కలెక్టరుగారు. పోలియో చుక్కలప్పుడు. జిల్లా మొత్తం మీద ఒక్క సీసా కూడా పాడవకుండా చూసింది నేనేనని మైకులో చెప్పారు. ఇప్పటికీ టైము తప్పదు."

"ఎలా చూశారు పాడవకుండా?"

"అదేముందమ్మా. గుండ్రాయిలా గడ్డకట్టించాలి. ముందే కరిగితే చుక్కలు పనికిరావు. పొద్దున పిల్లలు వచ్చే ముందు తీసి కరగబెట్టాలి. అంతే."

మా ఆవిడ మరేమీ అడగలేదు. టీ గ్లాసు కింద పెట్టింది. ఆమె అలా గ్లాసు సగంలో పెట్టేస్తే నాకు తెలుస్తుంది. దొరికింది. దొరికినందుకు సంతోషం లేదు.

బల్ల మీద సీసాలు వేరయ్యాయి. మేం తెచ్చినది ఇంకా తెల్లగానే ఉంది, పై నుంచి కింద దాకా ఒకేలా. నర్సు పెట్టెలోది పైన తేటగా తేలింది. అడుగున సున్నం పేరుకున్నట్టు తెల్లటి మడ్డి.

తమ్ముడు వంగి చూశాడు. వేలితో సీసాను తట్టాడు. మడ్డి కదిలి మళ్లీ కూర్చుంది.

"ఇది గడ్డకట్టి కరిగిన మందండీ" అంది నర్సు. "ఈ మందు చల్లగా ఉండాలి గాని గడ్డకట్టకూడదు. ఒక్కసారి కడితే ఇక దాన్ని నమ్మలేం. నాలుగుసార్లూ ఇదే. థర్మామీటరు బాగానే ఉంటోంది. నాకే అర్థం కావట్లేదు. నాకే పిచ్చేమో అనుకున్నాను."

"అంటే నిజంగానే పాడైంది" అన్నాడు తమ్ముడు.

"నిజంగానే" అంది మా ఆవిడ. "ఇటు రా. ఇప్పుడు వెలుతురుకు అడ్డం రాకుండా చూడు."

టార్చి వేసి మంచు అర చూపించింది. అడుగున మంచులో ఐసు పలకల అచ్చులు ఉన్నాయి. వాటి పక్కన ఇంకో అచ్చు. పలకది కాదు. నలుచదరంగా, మూలలు పదునుగా ఉంది.

"ఇప్పుడు పైన చూడు. ఐసు పలక ఎంత మందం? నాలుగు వేళ్లు. అది అర పైకప్పుకు తగలదు. కాని పైకప్పు మంచు గీసుకుపోయింది. పలక కంటే ఎత్తైనదేదో ఇందులోకి దూర్చారు, తీశారు."

మందు అట్టపెట్టెను తీసుకుని ఆ అచ్చు మీద పెట్టింది. మూలకు మూల కూర్చుంది.

తమ్ముడు నిట్టూర్చాడు. "రాత్రి ఎవరో మందు తీసి మంచులో పెట్టారు. తాళం తీసి. అంటే మళ్లీ తాళంచెవి దగ్గరికే వచ్చాం."

"వచ్చాం. అమ్మాయ్, రెండో తాళంచెవి ఎవరికిచ్చావు?"

నర్సు తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇవ్వకూడదండీ. ఇస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. నేను సాయంత్రం దిగిపోతే ఐసు పలకలు పెట్టడానికి మనిషి కావాలిగా. ఎవరని మాత్రం అడగకండి. ఆ చెయ్యి పడితే మందు బాగుపడుతుంది గాని పాడవదు. నన్ను తీసుకెళ్లండి, నేనొస్తాను."

"తాళంచెవి నా దగ్గరుందమ్మా" అంది ఆయమ్మ గుమ్మంలోంచి. నడుముకు దోపుకున్నది తీసి చూపించింది. "దాచడమెందుకు. ఐసు పలకలు నేనే పెడతాను. పెట్టె కూడా నేనే పైకి మారుస్తాను."

గదిలో గడియారం చప్పుడు వినిపించింది.

"ఎందుకు మారుస్తావు ఆయమ్మా?" అన్నాడు తమ్ముడు. పోలీసు గొంతు కాదది.

"కింది అరలో ఏం చల్లదనం బాబూ అది, కూరగాయలు పెట్టుకునేంత. మొదటిసారి పడుకోబోయే ముందు పైన పెట్టాను, పాడైందంటే ఆ చల్లదనం చాలలేదేమో అనుకున్నాను. రెండోసారి నర్సమ్మ బస్సెక్కంగానే మంచులో పెట్టేశాను. మూడోసారి లేచి లేచి చూసుకున్నాను, గట్టిగా కట్టిందో లేదోనని. పొద్దున్నే దించి కరగబెట్టి నర్సమ్మ చెప్పినచోట పెట్టేదాన్ని. ఇంత చేసినా పాడవుతోందంటే జిల్లా ఆఫీసు నుంచి వచ్చేదే పాడైనది వస్తోంది. అది చూడండి మీరు, ఈ పిల్లను కాదు."

చెప్పాల్సింది మా ఆవిడే. ఆమె బెంచీ మీద కూర్చోలేదు. ఆయమ్మను గోడవారన నేల మీద కూర్చోబెట్టి పక్కనే తనూ కూర్చుంది. రెండు సీసాలూ ఆమె చేతిలో పెట్టింది.

"ఊపు ఆయమ్మా."

ఆయమ్మ ఊపింది. ఇద్దరూ భుజం ఆనించుకుని సీసాల వైపు చూస్తూ కూర్చున్నారు. సున్నం నీళ్లలో సున్నం దిగినట్టు ఒకటి తేటబడుతూ వచ్చింది.

"పోలియో చుక్కలు గడ్డకడితే బతుకుతాయి. నువ్వు చేసింది అప్పుడు సరైందే. ఇది వేరే జాతి మందు. ఇది చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. నీకెవరూ చెప్పలేదు."

ఆయమ్మ సీసా వైపే చూస్తోంది. "అయితే నేనే."

"అవును."

"నాలుగు పెట్టెలూ."

"అవును ఆయమ్మా."

మా ఆవిడ అబద్ధం చెప్పదు. చెప్పి ఉంటే బాగుండునని నాకు ఒక్క క్షణం అనిపించింది. నర్సు వచ్చి అటుపక్కన కూర్చుంది. "నేను చెప్పి ఉండాల్సింది పెద్దమ్మా. నీకు అన్నీ తెలుసనుకున్నాను" అంది. ఆయమ్మ ఆమె చెంప తుడిచింది. తన చెంప తుడుచుకోలేదు.

తమ్ముడు వరండాలోకి వెళ్లి, ఆ తల్లి ముందు నిలబడి, "పొరపాటైందమ్మా. మీ తప్పేం లేదు. ఇంకోసారి రండి" అన్నాడు. వాడు క్షమాపణ అడగడం నేను అదే మొదటిసారి వినడం.

"నేనిక దిగను" అంది ఆమె.

"దిగకు" అంది మా ఆవిడ లోపలి నుంచి. "ఈసారి పెట్టే కొండెక్కి మీ ఇంటికి వస్తుంది."

అక్కడితో కేసు అయిపోయిందనుకున్నాను. జీపు తాళాలు చేతిలోకి తీసుకున్నాను. మా ఆవిడ మాత్రం నేల మీంచి లేవలేదు.

"ఆయమ్మా, ఇంకెవరి పెట్టె అయినా నీ దగ్గర ఒక రాత్రి ఉందా?"

ఆయమ్మ ఆలోచించింది. ఆ అలసిన మొహంలో చిన్న ఊరట కనిపించింది.

"ఒక్కసారి ఉందమ్మా. ఏరు పొంగినప్పుడు. కింది కేంద్రంలోకి నీళ్లొచ్చాయని రాత్రి వాళ్ల పెట్టె పైకి తెచ్చి నాకిచ్చారు. పెద్ద పెట్టె, బడి మొత్తానిది. అది మాత్రం పాడవలేదు. పొద్దున్నే పట్టుకెళ్లి అందరు పిల్లలకూ వేసేశారు. కింది నర్సు ఒక్క మాటన్నా అనలేదు. అదొక్కటన్నా బాగుంది కదా?"

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అదీ మంచులోనే పెట్టావా?" అంది మా ఆవిడ.

"వేరేవాళ్ల సొత్తు కదమ్మా. ఇంకా జాగ్రత్తగా పెట్టాను, వాళ్లు వచ్చేలోపే కరగబెట్టాను."

వరండాలో బూట్ల చప్పుడు ఆగిపోయింది. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వాడి జుట్టు చెమటకు అతుక్కుపోయి, బడికి వెళ్లే పిల్లాడిలా ఉన్నాడు.

"కింది నర్సు సీసా ఊపి చూసి ఉండదా వదినా?"

"నువ్వక్కడే ఉన్నావు. ఊపిందా?"

వాడు గుర్తు చేసుకున్నాడు. గుర్తు రాకపోతే బాగుండునన్నట్టు గుర్తు చేసుకున్నాడు.

"లేదు. వరదలో అంతా తొందరగా ఉంది. తీసింది, వేసింది." నా వైపు తిరిగాడు. "అన్నయ్యా, అమ్మడికి ఆ రోజే కదా."

నేను వెళ్లి వాడి భుజం మీద చెయ్యి వేశాను.

వాడు నర్సు ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పొద్దుట్నుంచి ఆమెను ఏయ్ అని పిలిచినవాడు.

"తల్లీ, పిల్లకేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదు సార్. హాని లేదు. మందు పని చేయకపోవచ్చు, అంతే. డాక్టరుగారిని అడిగి మళ్లీ వేయొచ్చు."

"మళ్లీ వేయకపోతే?"

నర్సు ఆయమ్మ వైపు చూసింది.

"వేయించు బాబూ" అంది ఆయమ్మ. "వేయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు."

బయట సాయంత్రం బస్సు హారన్ కొట్టింది. నర్సు గబుక్కున లేచింది, లేచి తమ్ముడి వైపు చూసి ఆగిపోయింది. వెళ్లొచ్చో లేదో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

వాడు చెప్పలేదు. పరుగెత్తాడు. బస్సు కదిలింది. దానికి ఎదురెళ్లి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు వేసి ఏదో అనబోయి యూనిఫారం చూసి మింగేశాడు. నర్సు ఎక్కింది. కిటికీలోంచి ఆయమ్మకు చెయ్యి ఊపింది. "ఐసు పలకలు పైన పెట్టు. పెట్టె వస్తే మాత్రం మధ్య అర" అని అరిచింది. ఆయమ్మ తాళంచెవి ఎత్తి చూపించింది. దాన్ని ఎవరూ అడిగి తీసుకోలేదు.

బస్సు మలుపు తిరిగింది. తమ్ముడు దుమ్ములోనే నిలబడి ఉన్నాడు.

"రేపు సభ ఉంది వదినా" అన్నాడు. "జిల్లాలో అందరికంటే ముందున్న బడి అని బ్యానరు కూడా కట్టారు. పిల్లలూ తల్లులూ అందరూ వస్తారు. వాళ్లకు ఏం చెప్పను?"

"పడిన సూది పని చేసిందో లేదో తెలియదని చెప్పు. మళ్లీ వేయాలని చెప్పు."

"రాళ్లు పడతాయి."

"నీ మీద పడవు. చెప్పేది నేను."

"నీ మీద పడితే?"

"నా ముందు నిలబడు" అంది మా ఆవిడ జీపెక్కుతూ. "నిన్ను ఇంత ఒడ్డూ పొడుగూ పెంచింది దేనికనుకున్నావు?"

వాడు టోపీ పెట్టుకున్నాడు. వంకరగా పెట్టుకున్నాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి దాన్ని సరిచేసింది.